సందేహాలు - సమాధానాలు: రందా మిషన్‌తో వచ్చిన పుస్తకం

ప్రశ్న: కొత్తగా రందా మిషన్ కొన్నాను. దాంతో నాలుగు పేజీల ఇంగ్లీషు పుస్తకం ఇచ్చారు. బ్లేడ్ల గురించి ‘సరిగ్గా అమర్చుకోవాలి’ అని ఒక్క ముక్కే ఉంది, బొమ్మ కనపడటం లేదు. నేను బిగించాక చిత్రిక పట్టిన ప్రతి చెక్కకూ చివర రెండంగుళాల మేర పల్లం పడుతోంది. లోపం ఎక్కడ?
– ఒక వడ్రంగి, తణుకు

జవాబు: లోపం ఆ పుస్తకంలోనే ఉంది. బ్లేడ్లు ఏ బల్లకు సమంగా ఉండాలో చెప్పడం దాని పని. వేళ్లు పోగొట్టగల మిషన్ విషయంలో ఒక్క ముక్కతో సరిపెట్టడం క్షమించరానిది.

చెక్క తోక దగ్గర పల్లం పడుతోందంటే వెనక బల్ల బ్లేడు అంచు కన్నా కిందికి ఉందన్నమాట. చెక్క ముందు బల్ల వదిలేయగానే ఆ తేడా మేరకు కిందికి దిగి ఎక్కువ కోత పడుతుంది. అదే వెనక బల్ల పైకి ఉంటే చెక్క దాని అంచుకు తగిలి ఆగిపోతుంది.

ముందు మెయిన్ ఆపి ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. తిన్నగా ఉన్న చెక్క పట్టీని వెనక బల్ల మీద పెట్టి, కొసను బ్లేడ్లు బిగించే కట్టర్ బ్లాక్ మీదికి చాపండి. బల్ల అంచు ఎక్కడుందో పట్టీ మీద పెన్సిల్ గీత గీయండి. పుల్లీని పట్టుకుని, మిషన్ తిరిగే వైపుకే నెమ్మదిగా తిప్పండి. బ్లేడు పట్టీని కాస్త ముందుకు లాక్కెళ్లి వదిలేస్తుంది. అక్కడ రెండో గీత గీయండి. గీతల మధ్య ఎడం సుమారు 3 మి.మీ. ఉంటే చాలు. ఒక బ్లేడుకు అటు చివరా ఇటు చివరా, తర్వాత మిగతా బ్లేడ్లన్నిటికీ అదే ఎడం రావాలి. పట్టీ కదలకపోతే ఆ బ్లేడు కిందికి ఉన్నట్టు.

బోల్టులను ఒకేసారి బిగించేయొద్దు. అన్నిటినీ కొద్దికొద్దిగా, వరసగా బిగించండి. బిగించేటప్పుడు బ్లేడు జరుగుతుంది కాబట్టి చివర్లో పట్టీతో మళ్లీ చూడాల్సిందే. ఈ శ్రమకు ఓపిక లేని రోజున మిషన్ జోలికి వెళ్లకండి.

ప్రశ్న: షాపు మార్చాక మా త్రీఫేజ్ రంపం మిషన్ వెనక్కి తిరుగుతోంది. పుస్తకంలో దీని గురించి ఏమీ లేదు.
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: వెంటనే ఆపండి. మూడు ఫేజ్ వైర్లలో ఏ రెండిటినైనా తారుమారు చేస్తే మోటారు దిశ మారుతుంది. ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. మీరు నిలబడే వైపు పళ్లు బల్ల మీదికి కిందికి దిగుతూ ఉండాలి. తిరగకూడని వైపు తిరిగితే బ్లేడు నట్టు వదులయ్యే ప్రమాదం కూడా ఉంది. సరైన దిశను బాణం గుర్తుగా మిషన్ మీద పెయింటుతో వేయించండి. అది కంపెనీ వేయాల్సిన గుర్తు.

ప్రశ్న: మిషన్‌తో ఇచ్చిన సూచనలు సరిగా లేక మా తమ్ముడి చేతికి గాయమైంది. కంపెనీని నిలదీయగలమా?
– పాఠకురాలు, నంద్యాల

జవాబు: నిలదీయొచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం, హాని జరగకుండా ఎలా వాడాలో తగిన సూచనలు గానీ, తప్పుగా వాడితే ఏమవుతుందో హెచ్చరిక గానీ ఇవ్వకపోతే తయారీదారు బాధ్యత వహించాలి. బతుకుతెరువు కోసం సొంతంగా మిషన్ నడుపుకొనేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. సూచనలు తెలుగులోనే ఇవ్వాలని మాత్రం ఆ సెక్షన్‌లో లేదు. ఐరోపా సమాఖ్యలో అయితే మిషన్ అమ్మే దేశపు అధికార భాషలో సూచనలు ఉండి తీరాలి. ఇక్కడా ఆ నియమం రావాలని గట్టిగా కోరుతున్నాను.

బిల్లు, ఆసుపత్రి కాగితాలు, మిషన్ నంబరు పలక ఫొటో, ఆ పుస్తకం అన్నీ భద్రంగా ఉంచండి. ముందు 1915కు ఫోన్ చేయండి. ఫలితం లేకపోతే 2 ఏళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి.