కాన్పు ఘడియ బిడ్డ చేతిలోనూ ఉంది

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాకు ఎనిమిదో నెల. అభిమన్యుడిలా కడుపులో బిడ్డ అన్నీ వింటుంది, ఏడవొద్దు అంటుంది మా అత్త. వానల్లేక శెనక్కాయ పంట పోయింది. ఇంట్లో రోజూ అప్పుల గొడవే. అది బిడ్డకు తెలుస్తుందా? ముహూర్తం బాగుందని 36 వారాలకే ఆపరేషన్ చేయించమంటున్నారు. నొప్పులు వచ్చేదాకా ఆగొచ్చా?
– ఒక సోదరి, అనంతపురం జిల్లా

జవాబు: మీ అత్తగారి మాటలో సగం నిజముందమ్మా. ఆరో నెల దాటాక బిడ్డ శబ్దాలకు స్పందిస్తుంది. మీ గుండె చప్పుడు, పేగుల కదలిక, అన్నిటికన్నా బాగా మీ గొంతు వినిపిస్తాయి. మాటల్లోని అక్షరాలు మసకబారినా వాటి లయ లోపలికి చేరుతుంది. పుట్టి మూడు రోజులైనా కాని పిల్లలు పరాయి ఆడవాళ్ల గొంతు కన్నా తల్లి గొంతు వినడానికే ఇష్టపడతారని 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ చూపించారు. అయితే బిడ్డ రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే ఉంటుంది. అప్పు, పంట అనే మాటలకు అర్థం దానికి తెలియదు. ఏడుపొస్తే ఏడవండి, దాంతో బిడ్డకు ఏమీ కాదు. తిండీ నిద్రా పోయేంత దిగులుంటే మాత్రం ఆశా కార్యకర్తకో డాక్టరుకో తప్పక చెప్పండి. అది మీ తప్పు కాదు, వైద్యం అవసరమైన విషయం.

ఇక ముహూర్తం సంగతి. మీ వైపు గొర్రెల మందలు ఎక్కువ కదా, కాన్పు రహస్యం కొంత బయటపడింది కూడా గొర్రెల్లోనే. 1960లలో న్యూజిలాండ్ వైద్యుడు గ్రాహం లిగ్గిన్స్, కడుపులోని గొర్రెపిల్ల పిట్యూటరీ గ్రంథిని పనిచేయకుండా చేస్తే తల్లి గొర్రె నెలలు నిండినా ఈనలేదు. పిల్లకు కార్టిసాల్ లాంటి మందు ఎక్కిస్తే ముందే ఈనింది. అలా తొందరగా పుట్టిన పిల్లల ఊపిరితిత్తులు గాలి పీల్చుకునేలా తయారై ఉండటం చూసి ఆయన ఆశ్చర్యపోయారు. 1972లో రాస్ హౌవీతో కలిసి అలాంటి మందును గర్భిణులకు ఇచ్చిన ఫలితాలు ప్రచురించారు. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఉన్న తల్లులకు మన ఆసుపత్రుల్లో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు మూలం అదే.

మనుషుల్లో కాన్పు మొదలవడం ఇంకా చిక్కైన వ్యవహారం. మాయ నుంచి వచ్చే హార్మోన్లు బిడ్డ అడ్రినల్ గ్రంథులను ప్రేరేపిస్తాయి. ఆ గ్రంథుల సరుకుతో మాయ ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది. గర్భసంచిని ఇన్నాళ్లూ నిమ్మళంగా ఉంచిన ప్రొజెస్టిరాన్ పట్టు సడలుతుంది. ప్రోస్టాగ్లాండిన్లు గర్భసంచి ముఖద్వారాన్ని మెత్తబరుస్తాయి. బిడ్డ తల దాన్ని నొక్కేకొద్దీ తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ వస్తుంది, నొప్పులు పెరుగుతాయి, తల ఇంకా దిగుతుంది. ఈ నొప్పుల ఒత్తిడికి బిడ్డ ఒంట్లోనూ హార్మోన్లు ఎగసి, ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకిపోయేలా చేస్తాయి.

36 వారాలకే కోసి తీస్తే ఈ తయారీ సగంలో ఆగిపోతుంది. ఆయాసంతో బిడ్డ గాజుపెట్టెలోకి వెళ్లే ప్రమాదం పెరుగుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. బీపీ, మాయ కిందికి ఉండటం లాంటి కారణాలుంటే ఆపరేషన్ తల్లీబిడ్డలను కాపాడుతుంది, అప్పుడు వెనకాడొద్దు. అలాంటిదేమీ లేకుండా పంచాంగం చూసి 39 వారాల కన్నా ముందు చేయించడానికి నేను ఒప్పుకోను. మీ వాళ్లకు ఈ జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: నాకు తొమ్మిదో నెల. ఎండలో నడిచొస్తే కడుపు బిగుసుకుంటోంది. కాన్పు నొప్పులేనా?
– రాయదుర్గం

జవాబు: ఒంట్లో నీరు తగ్గినా గర్భసంచి బిగుస్తుంది. నీడన ఎడమవైపుకు తిరిగి పడుకుని, నీళ్లో మజ్జిగో తాగండి. తగ్గిపోతే దొంగ నొప్పులు. క్రమం తప్పకుండా వస్తూ, దగ్గర దగ్గరై, నడుము నుంచి ముందుకు పాకుతూ పెరిగితే అసలు నొప్పులు. 37 వారాలు నిండకముందే ఇలా వచ్చినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఇంట్లో ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.