ఇంటరాక్టివ్ వెబ్ పటాలలో హోవర్ లేబుళ్లు, క్లిక్ పాపప్‌ల అమరిక: బేగంబజార్ టోకు మార్కెట్ ఉదాహరణ

సారాంశం

వెబ్ పటంపై ఉన్న ప్రతి బిందువుకు రెండు స్థాయిల్లో సమాచారాన్ని జోడించవచ్చు. మౌస్ బాణం గుర్తు బిందువుపైకి చేరగానే కనిపించేది హోవర్ లేబుల్. బిందువును నొక్కినప్పుడు తెరుచుకునేది క్లిక్ పాపప్. వ్యవసాయ మార్కెట్ సమాచారాన్ని ఈ రెండింటి మధ్య ఎలా పంచాలో హైదరాబాదులోని బేగంబజార్ ఉదాహరణగా ఈ వ్యాసం వివరిస్తుంది. లేబుల్ గుర్తింపుకే పరిమితం కావాలని, ధరను రకం, ప్రమాణం, తేదీ, ధర స్వభావాలతో కలిపి పాపప్‌లోనే చూపాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వెబ్ పటం, హోవర్ లేబుల్, పాపప్, లీఫ్‌లెట్, టోకు ధర, బేగంబజార్

పరిచయం

బేగంబజార్ మూసీ నదికి ఉత్తరాన, అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్‌ల చేరువలో ఉన్న పాత టోకు వ్యాపార కేంద్రం. మసాలా దినుసులు, ఎండు ఫలాలు, కిరాణా సరుకులు, పాత్రల దుకాణాలు ఇరుకు సందులలో ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. 1908 నాటి మూసీ వరదల తరువాత, 1912–15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాదు నగర సర్వే జరిగింది. అటువంటి కాగితపు పటాలలో ప్రతి పేరుకూ కాగితంపై చోటు కావాలి. చోటు చాలనప్పుడు పటకారుడు కొన్ని వివరాలను వదలక తప్పదు. వెబ్ పటంలో ఆ ఇబ్బంది తక్కువ. వివరాలు బిందువు వెనుక ఉండి, చూపరి కోరినప్పుడే బయటికి వస్తాయి. అయితే ఏది ముందు కనిపించాలి, ఏది నొక్కిన తరువాత కనిపించాలి అన్న నిర్ణయం పటకారుడిపై పడుతుంది.

ఈ నిర్ణయంలో జరిగే పొరపాటు రైతుకు నష్టం కలిగించవచ్చు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపుకు పలికే ధర రైతు తెచ్చిన సరుకుకు సంబంధించినది. బేగంబజార్ దుకాణంలోని టోకు ధరలో శుభ్రపరచడం, గ్రేడింగ్, రవాణా, వ్యాపారి లాభం కూడా కలిసి ఉంటాయి. ఈ రెండింటినీ ఒకే రంగు బిందువులతో, వివరణ లేని అంకెలతో చూపితే, వాటి మధ్య తేడా మొత్తం నేరుగా అమ్ముకొనే రైతుకు దక్కుతుందన్న భ్రమ కలుగుతుంది. ఆ భ్రమతో లారీ కిరాయి చెల్లించి సరుకు తెచ్చినవారికి కిరాయి కూడా గిట్టకపోవచ్చు.

సమాచార పట్టిక తయారీ

లేబుళ్లు, పాపప్‌లు పట్టికలోని గడుల నుండే తయారవుతాయి. కాబట్టి ప్రతి బిందువుకు సందు పేరు, సరుకు, రకం, కనిష్ఠ, గరిష్ఠ ధరలు, ఎక్కువ లావాదేవీలు జరిగిన మోడల్ ధర, ప్రమాణం, సేకరించిన తేదీ, ధర స్వభావం, అక్షాంశం, రేఖాంశం వేర్వేరు గడులలో ఉండాలి. సరుకు పేరు మాత్రమే చాలదు. పసుపులో కాడి, గోళ ధరలు వేరు. మిరపలో తేజ రకానికీ తాలు కాయలకూ పొంతన ఉండదు.

అక్షాంశ, రేఖాంశాల వరుసపై ప్రత్యేక శ్రద్ధ అవసరం. జియోజేసన్ ఫైలులో రేఖాంశం ముందు వస్తుంది. లీఫ్‌లెట్‌లో నేరుగా బిందువు పెట్టేటప్పుడు అక్షాంశం ముందు వస్తుంది. బేగంబజార్ సుమారు 17.37 ఉత్తర అక్షాంశం, 78.47 తూర్పు రేఖాంశం వద్ద ఉంది. వరుస తారుమారైతే ఆ బిందువు ఉత్తర ధ్రువానికి చేరువలోని స్వాల్‌బార్డ్ దీవులలో కనిపిస్తుంది.

ఫోనులోని జీపీఎస్ ఆరుబయట కూడా సుమారు 5 మీటర్ల వరకు తేడా చూపవచ్చు. ఎత్తయిన కట్టడాల మధ్య సందులలో ఆ తేడా పెరుగుతుంది. ఒక దుకాణం బిందువు పక్క దుకాణంపై పడే అవకాశం ఉన్నందున, ధరను దుకాణానికి కాక సందుకు లేదా సరుకు వరుసకు ముడిపెట్టడం మేలు. వ్యాపారుల పేర్లు, ఫోను నంబర్లు వారి అనుమతి లేకుండా చేర్చరాదు.

హోవర్ లేబుల్

లీఫ్‌లెట్‌లో బిందువుకు ‘బైండ్‌టూల్‌టిప్’ అనే ఆదేశంతో లేబుల్ జతచేస్తారు. ఇది రెండు, మూడు పదాలకు మించరాదు. ‘మసాలా వరుస – జీలకర్ర’ వంటిది చాలు. లేబుల్ ఎల్లప్పుడూ కనిపించేలా ‘పర్మనెంట్’ ఎంపికను వాడవచ్చు. కాని బేగంబజార్ వంటి ఇరుకు ప్రాంతంలో లేబుళ్లు ఒకదానిపై ఒకటి పడి ఏదీ చదవడానికి వీలుకాదు. కనుక పటాన్ని బాగా దగ్గరగా చూసినప్పుడే శాశ్వత లేబుళ్లు కనిపించేలా అమర్చాలి.

స్పర్శ తెరపై మౌస్ బాణం ఉండదు. బిందువుపై వేలిని తాకకుండా నిలిపితే సాధారణ ఫోను దానిని గుర్తించదు. రైతులలో అధికులు ఫోనులోనే పటం చూస్తారు. కాబట్టి లేబుల్‌లో ఉన్న ప్రతి విషయం పాపప్‌లో కూడా ఉండి తీరాలి.

క్లిక్ పాపప్

‘బైండ్‌పాపప్’ ఆదేశంతో జతచేసే పాపప్‌లో విషయాలు ఈ వరుసలో ఉండడం మంచిది:

1. సరుకు, రకం. వ్యాపారుల వాడుకలోని పేరు కూడా పక్కన ఉండాలి. ఉదాహరణకు జీలకర్ర – జీరా, చింతపండు – ఇమ్లీ.
2. ధర స్వభావం: యార్డులో రైతుకు దక్కే ధర, టోకు అమ్మకపు ధర, చిల్లర ధర.
3. కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు, ప్రమాణంతో సహా. యార్డులలో క్వింటాలు లెక్క, దుకాణాలలో కిలో లెక్క ఎదురైనప్పుడు అన్నింటినీ క్వింటాలుకు మార్చి చూపాలి.
4. ధర సేకరించిన తేదీ. పాతబడిన ధరకు బిందువు రంగును వెలిసినట్లుగా మార్చాలి.

లీఫ్‌లెట్ పాపప్ గరిష్ఠ వెడల్పు మామూలుగా 300 పిక్సెళ్లు. తెలుగు పదాలు పొడవైనవి కనుక పొడవాటి వాక్యాలకు బదులు చిన్న వరుసలు వాడాలి. పాపప్‌లోని పాఠాన్ని బ్రౌజరు హెచ్‌టీఎంఎల్‌గా చదువుతుంది. ఇతరులు నింపిన పట్టిక నుండి వచ్చే ప్రత్యేక గుర్తులను ముందుగా నిర్వీర్యం చేయకపోతే పటం చెడిపోవచ్చు, హానికర ఆదేశాలు కూడా చొరబడవచ్చు.

ఖాళీ గడుల విషయం మరింత ముఖ్యమైనది. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ పాఠాన్ని సంఖ్యగా మారిస్తే సున్నా వస్తుంది. ధర సేకరించని రోజు ‘0 రూపాయలు’ అని కనిపిస్తే చూపరి దానిని నిజమని అనుకోవచ్చు, లేదా పటం మొత్తాన్నీ నమ్మకపోవచ్చు. అటువంటి చోట ‘ఈ రోజు సమాచారం లేదు’ అని తెలుగులో స్పష్టంగా చూపాలి.

పరీక్ష

పటాన్ని విడుదల చేసే ముందు కంప్యూటరులోను, తక్కువ ధర ఫోనులోను తెరిచి చూడాలి. తెలుగు అక్షరాలు, ఒత్తులు సరిగా కనిపించడానికి ఫైలు యూటీఎఫ్-8లో భద్రపరచి ఉండాలి. పటం తయారీలో పాల్గొనని ఒక రైతుకు దానిని ఇచ్చి, ‘ఇది ఏ రకానికి, ఏ రోజు, ఎవరు ఎవరికి అమ్మిన ధర?’ అని అడగాలి. పాపప్ చూసి సమాధానం చెప్పలేకపోతే అమరికను సవరించాలి.

ముగింపు

లేబుల్ దారి చూపడానికి, పాపప్ వివరం చెప్పడానికి ఉద్దేశించినవి. ధర అనే అంకె తన రకం, ప్రమాణం, తేదీ, స్వభావాల నుండి విడిపోయినప్పుడు సమాచారంగా మిగలదు. ఆ నాలుగింటినీ అంకె వెంటే ఉంచిన పటం, సరుకును ఎక్కడ అమ్మాలో తేల్చుకొనే రైతుకు నమ్మదగిన ఆధారమవుతుంది.