కారు ఇంజనుకు కందెన: ఖనిజ తైలము నుండి సింథెటిక్ నూనెకు

మా పాఠశాలకు పిల్లలను పంపు తల్లిదండ్రులలో పలువురు బండిపై జీవించువారు. హోసూరు నుండి బెంగుళూరునకు అద్దెకారు నడుపువారు కొందరు, కూరగాయలు చేరవేయువారు కొందరు, సొంత కారులో ఉద్యోగమునకు పోవువారు కొందరు. కావున ఈ సంవత్సరపు సంచికలో ఇంజను నూనెను గూర్చి ఒక పాఠము వ్రాయుట అప్రస్తుతము కాదని తలంచితిమి.

ఇందుకు కారణమైన విషయ మొకటి కలదు. గత సంవత్సరము ఒక తండ్రి మా గదికి వచ్చి, కుమారుని బదిలీ పత్రము ఇప్పింపుమని కోరిరి. కారు ఇంజను పట్టివేసినదనియు, దాని మరమ్మతుకు చేసిన అప్పు తీరువరకు భార్యాబిడ్డలను స్వగ్రామమునకు పంపదలచితిననియు చెప్పిరి. విచారింపగా తెలిసిన దేమనగా, వారు అంతకుముందు సింథెటిక్ నూనె పోయించిరి. "ఇది పోసిన పిమ్మట ఇరవై వేల కిలోమీటర్ల వరకు చూడనక్కరలేదు" అని దుకాణమువారు చెప్పగా నమ్మిరి. డిప్‌స్టిక్కునైనను తీసి చూడలేదు. నూనె కొంచెము కొంచెముగా తరిగిపోయినది. కారుతోపాటు ఇచ్చిన పుస్తకము మాత్రము అరలో, సంచి విప్పకుండ, భద్రముగా ఉన్నది. అది ఆంగ్లములో నుండుటచే తెరువలేదని వారనిరి. సంఘమువారి తోడ్పాటుతో ఆ బాలుని చదువు ఆగలేదు. కాని సంగతి తెలిసియున్నచో ఆ కష్టమే వచ్చియుండదు.

నూనె చేయు పని

కందెన మనకు క్రొత్త వస్తువు కాదు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదములో గడ్డి మసి కలిపి పూసెడివారు. కందెన తగ్గిన ఇరుసు కీచుమని చప్పుడు చేసి ముందుగా హెచ్చరించును. మోటారు ఇంజను చప్పుడు చేయునప్పటికి చాలవరకు నష్టము జరిగియే యుండును. ఇంజనులో నూనె లోహభాగములు ఒరసికొనకుండ చూచును, వేడిమిని తీసికొనిపోవును, మసిని తనలో నిలుపుకొనును, త్రుప్పు పట్టనీయదు.

రెండింటికి గల భేదము

ముడిచమురును శుద్ధి చేయగా వచ్చునది ఖనిజ తైలము. దీనిలోని అణువులు పెద్దవి, చిన్నవి కలిసియుండును. కొంత మైనము, గంధకము మిగిలియుండును. సింథెటిక్ నూనెలో అణువులను రసాయన ప్రక్రియచే ఇంచుమించు ఒకే తీరున నిర్మింతురు. పాలీ ఆల్ఫా ఓలిఫిన్లు, ఎస్టరులు ఇట్టివి. ఆముదము నుండి తీయు సెబాసిక్ ఆమ్లముతోను కొన్ని ఎస్టరులను తయారుచేయుదురు. ముడిచమురు భాగమునే అధిక పీడనమున హైడ్రోజనుతో మార్చి చేయు మూడవ తరగతి తైలమును కూడ సింథెటిక్ అనియే అమ్ముచున్నారు. దీనిపై అమెరికాలో వాదము జరిగి, 1999లో ప్రకటనల పరిశీలక సంస్థ ఆ పేరు వాడవచ్చునని నిర్ణయించినది. కావున "సింథెటిక్" అను మాట యొక్కటే నాణ్యతకు కొలత కాదు.

అమెరికాలో మొబిల్ 1 అను సింథెటిక్ నూనె 1974లో అంగడికి వచ్చినది. ఇట్టి నూనెలు చలిలో త్వరగా ప్రవహించును, వేడిలో మిక్కిలి పలుచబడవు, తక్కువగా ఆవిరియగును, త్వరగా చిక్కబడి మడ్డి కట్టవు. అయినను ఇవి కూడ పాతబడును, తరుగును.

డబ్బాపై అంకెలు

5డబ్ల్యు-30 అని యున్నచో మొదటి అంకె చలిలో నూనె పారు గుణమును, రెండవది 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో దాని చిక్కదనమును తెలుపును. మొదటి అంకె తగ్గినకొలది చలిలో త్వరగా పారును. రెండవది పెరిగినకొలది వేడిలో చిక్కగా నుండును. క్రొత్త కార్లలో కొన్నింటికి 0డబ్ల్యు-20, 0డబ్ల్యు-16 వంటి పలుచని నూనెలను నిర్ణయించిరి. చిక్కని నూనెయే బలమని తలచి వానిలో 20డబ్ల్యు-40 పోయుట తప్పు. ఏ.పి.ఐ. అను గుర్తు ప్రక్కనుండు అక్షరములు నాణ్యత తరగతిని తెలుపును. పెట్రోలు ఇంజనులకు 2020లో వచ్చిన తరగతి ఎస్.పి. పొగ మసిని వడగట్టు జల్లెడ గల బి.ఎస్. 6 డీజిలు బండ్లకు బూడిద తక్కువగా నిచ్చు ప్రత్యేకమైన నూనె కావలెను.

కొన్ని సందేహములు

ఖనిజ తైలము వాడిన ఇంజనులో సింథెటిక్ పోయవచ్చునా? పోయవచ్చును. పుస్తకములోని అంకె, తరగతి సరిపోవలెను. ఇందుకై ఇంజనును వేరొక ద్రావకముతో కడుగనవసరము సామాన్యముగా లేదు.

రెండును కలిసినచో చెడునా? చెడదు. దారిలో నూనె తక్కువైనచో దొరికిన సరియైన నూనెను పోసికొనవచ్చును. కాని కలిపినకొలది సింథెటిక్ గుణము తగ్గును.

కారుట మొదలగునా? తొలినాటి సింథెటిక్ నూనెలు కొన్ని రబ్బరు సీళ్ళను ముడుచుకొనజేసినందున ఈ భయము పుట్టినది. ఇప్పటి నూనెలలో ఆ దోషమును సవరించిరి. మిక్కిలి పాత బండిలో సీలు ముందే చెడియుండి, మడ్డి అడ్డుపడి నిలిచియున్నచో, అది కరగిన పిమ్మట కారుట బయటపడవచ్చును. ఇప్పటికే కారుచున్న, పొగ వదలుచున్న ఇంజనుకు ఖరీదైన నూనె మందు కాదు. ముందు మరమ్మతు చేయింపవలెను.

త్వరగా నల్లబడినచో చెడినట్లా? కాదు. మసిని పట్టుకొనుట దాని ధర్మమే.

మార్చు పద్ధతి

బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను గోరువెచ్చగా నున్నప్పుడు పాత నూనెను పూర్తిగా దింపవలెను. వడపోత డబ్బాను, అనగా ఆయిలు ఫిల్టరును, తప్పక మార్చవలెను. క్రొత్త నూనెను పుస్తకము చెప్పినంతయే పోసి, కొద్దిసేపు ఇంజను నడిపి, ఆపి, కొన్ని నిమిషములైన పిదప డిప్‌స్టిక్కు చూడవలెను. నూనె రెండు గీతల నడుమ నుండవలెను. పై గీతను దాటుటయు హానియే. పిమ్మట పదిహేను దినముల కొకమారు, దూరప్రయాణమునకు ముందును చూచుట మంచిది.

లెక్క

ఒక బండికి 3½ లీటర్ల నూనె పట్టుననుకొందము. లీటరు 400 రూపాయల ఖనిజ తైలమును 5,000 కిలోమీటర్లకు మార్చినచో 10,000 కిలోమీటర్లకు 2,800 రూపాయలగును. లీటరు 800 రూపాయల సింథెటిక్‌ను 10,000 కిలోమీటర్లకు ఒకమారు మార్చినను అంతే యగును. ఒక ఫిల్టరు, ఒక దినపు సంపాదన మిగులును. కాని బండి పుస్తకము 10,000కు అనుమతించినప్పుడే ఈ లెక్క చెల్లును. నూనె మంచిదను కారణమున గడువు మనము పెంచరాదు. గడువును దూరముతోపాటు కాలము చొప్పునను చెప్పుదురు. ఏది ముందు వచ్చిన దానిని పాటింపవలెను. దుమ్ము త్రోవలు, రద్దీలో ఆగి ఆగి నడచుట గలవారికి గడువు ఇంకను తక్కువ.

మఱి రెండు హెచ్చరికలు. గేరు మోటారు సైకిళ్ళలో పెక్కింటికి క్లచ్చి ఇంజను నూనెలోనే తడియుచుండును. కారు నూనె పోసినచో క్లచ్చి జారును, జె.ఎ.ఎస్.ఒ. ఎం.ఎ. లేక ఎం.ఎ.2 అను గుర్తు గల నూనెనే పోయవలెను. రెండవది, దింపిన పాత నూనెను కాలువలోగాని, నేలపైగాని పారబోయరాదు. అది నీటిని చెరచు విషము. మూత గల డబ్బాలో పట్టి, సేకరించు వర్కుషాపునకు ఇయ్యవలెను.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఈ ఆదివారము అరలోని పుస్తకమును వెలికి తీయుడు. ఆంగ్లము మీకు రాకున్న ఎనిమిదవ తరగతి చదువు మీ అబ్బాయినో, అమ్మాయినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నూనె అంకె, తరగతి, పరిమాణము, గడువు అను నాలుగింటిని చదివించి, తెలుగులో ఒక చీటీపై వ్రాయించి బండిలో అంటించుడు. పిల్లలకది పాఠము, మీకది రక్ష. చదివి చెప్పువారు ఇంట లేనివారు పుస్తకమును మా యొద్దకు తెచ్చినచో, సాయంకాలము బడి విడిచిన పిమ్మట మేమే చదివి వ్రాసి ఇత్తుము.