తుపాను రాకముందే

అది 1977 నవంబరు 19. కృష్ణా జిల్లా దివిసీమ. పెనుగాలి వీచింది. కుండపోతగా వాన కురిసింది. మూడు నిలువుల ఎత్తున ఉప్పెన వచ్చి ఊళ్ల మీద పడింది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. సుమారు పదివేల మంది చనిపోయారు. ఉప్పెన వస్తుందని చాలామందికి తెలియదు. తెలిసినా, ఎక్కడికి పోవాలో తెలియదు.

1990 మే నెలలో మళ్లీ పెద్ద తుపాను. కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలోనే తీరం దాటింది. కానీ ఈసారి కబురు ముందే అందింది. ఆరు లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి భద్రమైన చోట్లకు చేరారు. చాలామంది తుపాను షెల్టర్లలో తలదాచుకున్నారు. అయినా వెయ్యి మంది దాకా చనిపోయారు. అదీ తక్కువ కాదు. కానీ పదివేలెక్కడ, వెయ్యెక్కడ? తుపానును ఆపలేరు. చావులను తగ్గించవచ్చు.

సముద్రం ఏటేటా వేడెక్కుతోంది. ఆ వేడే తుపానుకు బలం. అందుకే ఇకముందు తుపాన్లు మరింత బలంగా వస్తాయని శాస్త్రవేత్తలు చెబుతున్నారు.

2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి. దాన్ని ఏటా సరిచూడాలి. ఇది చట్టం మాట. కానీ ప్రణాళిక బీరువాలో ఉంటే ప్రాణాలు నిలుస్తాయా? షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో ఊరికి తెలియాలి. అక్కడ మంచినీళ్లు, మరుగుదొడ్డి ఉండాలి. ఆడవాళ్లకు చాటు ఉండాలి. లేకపోతే గ్రామసభలో అడగాలి.

ఏ ఇంట్లో నిండు చూలాలుందో, ఏ ఇంట్లో ముసలమ్మ మంచాన పడి ఉందో ఆడవాళ్లకే బాగా తెలుసు. ఆ పేర్లు ముందే రాసి పెట్టాలి. ఎవరిని ఎవరు తీసుకుపోవాలో కూడా రాయాలి. నేర్చుకున్న అక్షరం ఇక్కడ ప్రాణం కాపాడుతుంది.

గుర్తుంచుకోండి:
- రేషన్ కార్డు, పట్టా కాగితాలు, మందులు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచాలి.
- అటుకులు, బెల్లం, మంచినీళ్లు, టార్చిలైటు దగ్గర పెట్టుకోవాలి.
- గాలి ఒక్కసారిగా ఆగితే బయటికి రాకూడదు. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది.
- ఆపదలో 112కు ఫోన్ చేయాలి.

చర్చించండి:
1. మీ ఊరికి దగ్గరలో షెల్టరు ఎక్కడుంది? తాళం ఎవరి దగ్గరుంది?
2. మీ వీధిలో ఎవరికి సాయం కావాలి? వారి పేర్లు రాయండి.