చుట్టపొగాకు: సీమలనుబట్టి గుణభేదము

ఆకు నల్లగాను ఘాటుగాను ఉన్నంతమాత్రమున చుట్టకు మంచిదని యెంచరాదు. నిప్పుపరీక్షయే నమ్మదగినది. బాగుగా ఆరిన ఆకునుండి యొక చీలిక తీసి, అంటించి, మంట నూదివేయవలయును. నిప్పు అంచువెంబడి సమముగా ప్రాకుచు తెల్లని బూడిదను విడిచినచో ఆకు మేలైనది. వెంటనే ఆరి నల్లని మసి మిగిలినచో, ఆ చుట్టను మాటిమాటికి అంటింపవలసివచ్చును.

ఈ భేదమునకు ముఖ్యకారణము నేలయందును నీటియందును గల ఉప్పు. ఉప్పునందలి క్లోరైడును పొగాకుమొక్క విశేషముగా పీల్చును. ఆకునందది నూటికి 2 పాళ్లకు మించినచో కాలుట మందగించును. ఆకు తేమ పట్టి త్వరగా బూజెక్కును.

గోదావరి లంకలయాకునకు ప్రసిద్ధి కలుగుటకు ఏటేట వరద తెచ్చు ఒండ్రు కారణము. వరద తీసిన పిమ్మట అచ్చట నాట్లు వేయుదురు. 1890లో ప్రకటింపబడిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ అను ఆంగ్లనవలయందు సయితము లంకచుట్ట పేరు కానవచ్చును! అరవసీమలో తిరుచిరాపల్లి, దిండిగల్లు చుట్టలకు పేరొందినవి. సిగారున మూడువిధముల ఆకు వలయును: లోపలి యాకు, దానిని పట్టియుంచు కట్టుటాకు, పైయాకు. పైయాకు పలుచనై, సన్ననియీనెలు గలదై, చిరుగక సాగవలయును. ఇందుకు సుమత్రాదీవియందలి దేలీసీమ ప్రఖ్యాతము. క్యూబాలోని పినార్ దెల్ రియో సీమయాకు సువాసనకు పేరుగన్నది.

మేలైన ఆకనుట రుచికిని, కాలుటకును సంబంధించిన మాటయే. దేహమునకు నిరపాయమైన చుట్ట ఏ సీమయందును లేదు. ఉత్తరకోస్తాలో కొందరు నిప్పుకొన నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగుదురు. అంగిటి క్యాన్సరునకు అది హేతువని వైద్యులు నిర్ధారించిరి.

ఇక కల్వకుర్తి ప్రాంతపు రైతు లంకవిత్తనము తెచ్చి చల్కలో నాటినంతనే లంకాకు రాదు. విత్తనము వచ్చును గాని గోదావరి ఒండ్రు వెంట రాదు గదా! బావినీరు ఉప్పనైనచో మొక్క పచ్చగా ఏపుగనే పెరుగును. దోషము కోసి ఆరవేసిన పిదపగాని బయటపడదు. అప్పటికి నారు, కూలి, ఎరువుల సొమ్మంతయు చెల్లిపోయియుండును. కావున నారు పోయుటకు ముందే బావినీటిని, మట్టిని భూసారపరీక్షకు పంపి క్లోరైడు పాలు తెలిసికొనవలయును. నీరు మంచిదైనను మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వేయరాదు, అదియు క్లోరైడే. పొటాషియం సల్ఫేటు వేయవలయును. నీరు ఉప్పనని తేలినచో ఆ చెలకలో పొగాకు మాని, వేరొక పైరు చూచుకొనుట మేలు.