వెల్డింగా? సమాజశాస్త్రమా?



పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో విచారణ గురువు దగ్గరకు వచ్చేవారు ఎక్కువ. "ఫాదర్ గారూ, మావాడు ఐటీఐలో వెల్డింగ్ చేస్తానంటున్నాడు, మీరైనా చెప్పండి" అంటుంది ఒక తల్లి. "మా అమ్మాయి బి.ఏ.లో సమాజశాస్త్రం తీసుకుంటుందట, అది చదివితే ఏమొస్తుంది?" అంటాడు ఒక తండ్రి. మొదటిది నలుగురిలో చెప్పుకోవడానికి నామోషీ. రెండవది కూడు పెట్టదని భయం.

వెల్డింగ్ అంటే రెండు ఇనుప ముక్కలను అతికించడమేగా అనుకుంటాము. నిజానికి ఆ రెంటినీ కరిగించి ఒకటి చేయడం. రాడ్డు కొనకూ ఇనుముకూ నడుమ రవ్వంత ఎడంలో విద్యుత్తు మండుతూ ఉంటుంది. చెయ్యి తొందరపడితే అతుకు లోపల గాలిబుడగలు, మడ్డి మిగిలిపోతాయి. పైకి మాత్రం నున్నగానే కనబడవచ్చు. బాయిలరు గొట్టంలో అలాంటి అతుకు ప్రాణాలు తీస్తుంది. అందుకే పెద్ద కర్మాగారాల్లో ముఖ్యమైన అతుకులకు ఎక్స్‌రే తీస్తారు. గొట్టాన్ని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, వెల్డరే చుట్టూ తిరిగి అతకవలసిన '6జి' అనే పరీక్ష ఒకటుంది. అది నెగ్గినవానికి ఓడల కర్మాగారాల్లోనూ, గల్ఫు చమురు పనుల్లోనూ గిరాకీ. ఐటీఐలో ఈ కోర్సు ఒక్క ఏడాదే. ఎనిమిదవ తరగతితోనే చేరవచ్చు. అయినా పది పూర్తి చేయించండి, కొలతలకూ డ్రాయింగులకూ లెక్కలు కావాలి.

ఇక సమాజశాస్త్రం. మన దేశంలో దీనికి బొంబాయి విశ్వవిద్యాలయంలో 1919లో విభాగం తెరిచారు. మన దగ్గర హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేటను ఎస్.సి. దూబే గారు శ్రద్ధగా పరిశీలించి రాసిన పుస్తకం 1955లో అచ్చయింది. ఊళ్లో ఏ కులం ఏ పని చేస్తుంది, కుటుంబాలు ఎలా నడుస్తాయి, పండుగలు ఎలా జరుగుతాయి వంటివే అందులోని సంగతులు. తెలిసిన ఊరినే తెలియని ఊరిలా చూడడం అంత తేలిక కాదు.

చేతిపని అంటే చిన్నచూపు ఎక్కడిది? గురువిద్యాలయంలో నేను తత్వశాస్త్రం చదివినప్పుడు అరిస్టాటిల్‌లోనే అది కనబడింది. ఉత్తమ రాజ్యంలో చేతివృత్తులవారికి పౌరసత్వం ఉండదని ఆయన అభిప్రాయం. సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథము 38వ అధ్యాయం కొలిమి వేడిలో ఒళ్లు కాల్చుకునే కమ్మరిని వర్ణిస్తుంది. అతడు సభలో పెద్దపీట ఎక్కడని ఒప్పుకుంటూనే, అలాంటివారు లేకపోతే పట్టణమే నిలవదని చెబుతుంది. పని విలువ ఆ పని రకంలో లేదు, దాన్ని చేసేవాడు మనిషి కావడంలో ఉందని రెండవ జాన్‌పాల్ పోపు గారు 1981 నాటి విశ్వలేఖలో బోధించారు.

అయితే మన విచారణల్లో చాలా కుటుంబాల తాతలు తమ పనిని తాము ఎన్నుకోలేదు. కులం చేతిలో పెట్టిన పని చేశారు. అందుకే బిడ్డ చేతికి కలం అందాలన్న తండ్రి ఆరాటాన్ని నేను గర్వం అనను. కులం పనిని మాత్రమే కాదు, పనివారినే మెట్లమెట్లుగా విడదీస్తుందని అంబేద్కర్ గారు 1936లో వెలువరించిన 'కులనిర్మూలన'లో ఎత్తిచూపారు. అంటే ఆ తల్లికి వెల్డింగ్ అంటే ఎందుకు నామోషీయో, ఈ తండ్రి వద్దంటున్న పాఠాల్లోనే దొరుకుతుంది!

అయినా లోటుపాట్లు దాచకూడదు. బి.ఏ. ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. ఆ పైన ఎం.ఎస్.డబ్ల్యు. గానీ, బి.ఇడి. గానీ, పోటీ పరీక్షలు గానీ తప్పవు. వెల్డింగ్ వెలుగు కళ్లను కాలుస్తుంది. దాని పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. గాలి ఆడని షెడ్డులో, ముఖానికి మాస్కు లేకుండా నల్లకళ్లద్దాలతో సరిపెట్టే యజమాని దగ్గర పిల్లవాణ్ణి పనిలో పెట్టకండి.

ఒకటి ఎన్నుకుంటే రెండవది పోయినట్టు కాదు. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, ఇంటర్ పాసైన వెల్డరు పని చేసుకుంటూనే సమాజశాస్త్రం చదవవచ్చు.

ఫీజు కట్టే ముందు ఐటీఐ వర్క్‌షాపులోకి స్వయంగా వెళ్లి చూడండి. యంత్రాలు ఎన్ని నడుస్తున్నాయి, ఒక్కో పిల్లవాడికి రోజుకు ఎన్ని రాడ్లు కాల్చనిస్తారు, సర్టిఫికెట్‌కు జాతీయ వృత్తి విద్యా, శిక్షణ మండలి గుర్తింపు ఉందా అని అడగండి. మీ అబ్బాయిని కూడా వెంట తీసుకువెళ్లండి.