వ్యాను పొగలో ఒక పాఠం: ఈజీఆర్ వాల్వ్ సంరక్షణ



గాలిలో నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం అని ఈ హాస్టల్ వరండాలో కూర్చుని కంఠస్థం చేశాం. మార్కులకు తప్ప దానితో పని పడుతుందని అప్పట్లో అనుకోలేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే రోజుల్లో మా నాన్న వ్యాను దగ్గర ఆ పని పడింది.

మా నాన్న కొల్లేరు చెరువుల నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు చేపల లోడు వేస్తారు. ఒక తెల్లవారుజామున భీమడోలు దాటాక వ్యాను లాగడం మానేసింది. వెనుక నల్లపొగ, పెట్టెల్లో కరిగిపోతున్న ఐసు. ఆ రోజు కిరాయి పోయింది, చేపకు ధరా పోయింది. ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు కదా! షెడ్డులో మెకానిక్ చూసి, "ఈజీఆర్ పట్టేసింది, రేకు ముక్క అడ్డం పెట్టేస్తే మళ్ళీ బాధ ఉండదు" అన్నాడు. నాన్న మా వైపు తిరిగి, "ఇంత చదివావు కదా, ఏం చెయ్యమంటావు?" అని అడిగారు. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది. వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆ రాత్రి పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

వాల్వ్ చేసే పని

ఈజీఆర్ అంటే ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్. సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజన్‌లోకి పంపడం అన్నమాట. సిలిండర్‌లో వేడి 1500 డిగ్రీల సెల్సియస్ దాటితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్‌తో వేగంగా కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతాయి. ఇవి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, ఆమ్ల వర్షాలకూ కారణమవుతాయి. కాలిన పొగలో ఆక్సిజన్ తక్కువ. దాన్ని కొంచెం కలిపితే మంట వేడి తగ్గి, ఈ విషవాయువులూ తగ్గుతాయి. ఎంత పొగ, ఎప్పుడు కలపాలో నిర్ణయించే తలుపే ఈజీఆర్ వాల్వ్. దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ వ్యాన్లలో ఇది మామూలైపోయింది.

పట్టేయడానికి కారణం

పొగలోని మసి, ఇంజన్ ఆయిల్ ఆవిరితో కలిసి జిగురు ముద్దలా వాల్వ్‌కు అంటుకుంటుంది. చెరువు గట్ల మీద నెమ్మదిగా నడపడం, లోడు ఎక్కేదాకా ఇంజన్ ఆపకుండా ఉంచడం దీన్ని పెంచుతాయి. మన వ్యాన్లకు ఈ రెండూ నిత్యకృత్యమే.

గుర్తులు

వాల్వ్ తెరుచుకుని ఉండిపోతే ఇంజన్‌కు మంచి గాలి చాలదు. నల్లపొగ వస్తుంది, బండి లాగదు, నిలబెట్టినప్పుడు ఇంజన్ వణికి ఆగిపోతుంది. మూసుకుని ఉండిపోతే డ్రైవరుకు పెద్దగా తెలియదు. విషవాయువులు మాత్రం పెరుగుతాయి, చెక్ ఇంజన్ లైటు వెలగవచ్చు. స్కానర్‌లో పి0401 కోడ్ వస్తే పొగ తక్కువగా వెళుతోందని, పి0402 వస్తే ఎక్కువగా వెళుతోందని అర్థం. అయితే కోడ్ చూడగానే వాల్వ్ కొనకూడదు. ముందు ఎయిర్ ఫిల్టర్, రబ్బరు గొట్టాల పగుళ్ళు, వైరు కనెక్టర్ చూడాలి.

శుభ్రం చేసే పద్ధతి

1. ఇంజన్ పూర్తిగా చల్లారాక, గాలి ఆడే చోట బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు. క్లీనర్ మండే ద్రవం.
2. కనెక్టర్, గొట్టాలు, బోల్టులు విప్పి వాల్వ్ తీయాలి. మసి రాలి ఇంజన్‌లో పడకుండా రంధ్రాలను గుడ్డతో మూయాలి. తిరిగి బిగించే ముందు ఆ గుడ్డ తీయడం మరువరాదు.
3. కార్బురేటర్ క్లీనర్, మెత్తని బ్రష్‌తో మసి కడగాలి. స్క్రూడ్రైవర్‌తో గీకితే తలుపు కూర్చునే చోటు గాట్లు పడుతుంది. ఎలక్ట్రిక్ వాల్వ్ మోటారు తడవకూడదు, తలుపును చేత్తో బలవంతంగా నెట్టకూడదు.
4. కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులను మాన్యువల్‌లో చెప్పినంత బిగువుతో ఒకదాని తరువాత ఒకటి సమానంగా బిగించాలి.

తలుపు అరిగినా, స్ప్రింగు విరిగినా, మోటారు కాలినా కొత్తది వేయాలి. పార్టు నంబరు సరిపోవాలి. కూలెంట్ గొట్టం విప్పివుంటే కూలెంట్ నింపి లోపలి గాలి తీయాలి. చాలా బండ్లలో స్కానర్‌తో కొత్త వాల్వ్‌ను కంప్యూటర్‌కు పరిచయం చేయించాలి. ఆ తరువాత కోడ్ చెరిపి, రోడ్డు మీద నడిపి చూడాలి.

రేకు పెడితే ఏమవుతుంది?

నల్లపొగ తగ్గవచ్చు, బండి లాగవచ్చు. డీజిల్ బండి పొల్యూషన్ పరీక్షలో కొలిచేది పొగ చిక్కదనమే కనుక సర్టిఫికెట్ కూడా రావచ్చు. కానీ కంటికి కనపడని నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. వాటిని ముందుగా పీల్చేది గట్టు మీద లోడు ఎత్తే మనవాళ్ళే. పైగా అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం.

మేము నాన్నకు ఇవన్నీ చెప్పలేదు. ఒక్క మాట అన్నాం: "కొల్లేరు నీరు సముద్రానికి పోయేది ఉప్పుటేరు గుండానే. అది పూడితే పూడిక తీస్తాం కానీ గట్టు కట్టి మూసేస్తామా నాన్నా?" ఆయన కాసేపు ఆలోచించి, "అయితే విప్పు, నేను పానా అందిస్తాను" అన్నారు.

ఆ వాల్వ్ తలుపు అరగలేదు, కడిగితే సరిపోయింది. ఇప్పుడు లోడు ఎక్కేటప్పుడు నాన్న ఇంజన్ ఆపేస్తున్నారు. ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ సమయానికి మారుస్తున్నారు.

తమ్ముళ్ళూ, మన నాన్నలకు బండి తెలుసు, చేను తెలుసు, చెరువు తెలుసు. పుస్తకంలో ఉన్నది వారి దాకా చేర్చవలసింది మనమే. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, వారి పనిలో మీ పాఠం ఎక్కడుందో వెతకండి.